తాగుడు మానడానికి ఎక్కడికి వెళ్లాలి: ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు ఇళ్లకు

ఇంట్లో తాగుడు ముదిరాక అందరూ మొదట అడిగేది "మంచి సెంటర్ ఎక్కడుంది?" అని. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. ఈ మనిషి రేపు పొద్దున్నుంచి చుక్క ముట్టకపోతే ఒంటికి ఏమవుతుంది? దీనికి జవాబు దొరికితే ఎక్కడికి, ఎంత తొందరగా వెళ్లాలో సగం తేలిపోతుంది. రెండో ప్రశ్న, పదిహేను రోజులకోసారి చొప్పున ఏడాది పాటు వెళ్లి రాగలిగేంత దగ్గర్లో ఏముంది? పేరున్న సెంటర్ వెతుక్కుంటూ దూరం పోయి, మూడు నెలలు పెట్టి, తిరిగొచ్చాక ఒక్కసారి కూడా చూపించుకోని వాళ్లే ఎక్కువగా మళ్లీ మొదటికి వస్తారు.

ముందు లెక్క తీయండి

"రోజూ కొంచెం" అంటే డాక్టరుకు ఏమీ అర్థం కాదు. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. 42.8 శాతం బలమున్న బ్రాందీ, విస్కీ, రమ్ము, ఏదైనా సరే అందులో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 10 గ్రాములు ఒక డ్రింకు అని వైద్యుల కొలత, అంటే క్వార్టర్‌కు ఆరు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా నాలుగు డ్రింకులు. "నేను బీరే తాగుతాను" అనేవాడు రెండు సీసాలు లాగిస్తే క్వార్టర్ దాటిపోయినట్టే.

ఇప్పసారా, జీలుగు కల్లు, ఇంట్లో పులియబెట్టే లందా దగ్గర ఈ లెక్క పనిచేయదు. బలం కాపుకో రకంగా, కుండకో రకంగా ఉంటుంది. ఎన్ని గ్లాసులు, ఏ గ్లాసుతో, రోజులో మొదటి గ్లాసు ఎన్ని గంటలకు అన్నది రాసుకుంటే చాలు. ఆ చివరిదే అన్నిటికంటే ముఖ్యం. లేవగానే చేతులు వణికి, ఒక గుక్క పడితే గానీ టీ గ్లాసు పట్టుకోలేని పరిస్థితి ఉంటే శరీరం మందుకు అలవాటు పడిపోయిందని అర్థం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టిక ఉంది. మొత్తం 40 మార్కులు. 8 గానీ పైన గానీ వస్తే తాగుడు ప్రమాదం వైపు పోతున్నట్టు, 20 గానీ పైన గానీ వస్తే బానిసత్వం ఉండొచ్చని డాక్టరు చేత పరీక్ష చేయించుకోవాల్సినట్టు. కౌన్సెలర్లు దీన్ని నోటితోనే అడిగి నింపుతారు, చదువు రాకపోయినా ఇబ్బంది లేదు.

ఒక్కసారిగా ఆపితే వచ్చే చిక్కు

రోజూ తాగే మనిషి ఆపిన ఆరేడు గంటలకు వణుకు, చెమటలు, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనిషితో మాట్లాడతారు, ఎక్కడున్నారో తెలియదు, జ్వరం, గుండెదడ. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. గాలి సోకిందనో, దెయ్యం పట్టిందనో గుడి చుట్టూ తిప్పేది సరిగ్గా ఈ రెండు రోజుల్లోనే.

అయ్యప్ప మాల విషయం విడిగా చెప్పాలి. కార్తీకంలో మాల వేసుకుని 41 రోజులు ముట్టకుండా ఉందామన్న సంకల్పం మంచిదే. కానీ నిన్న రాత్రి దాకా హాఫ్ తాగిన మనిషి తెల్లారి మాల వేసుకుంటే, రెండో రోజు పూజలో ఫిట్స్‌తో పడిపోవచ్చు. వారం ముందే డాక్టరు దగ్గరికి వెళ్లి, మందుల మీద తాగుడు ఆపి, ఆ తర్వాత మాల వేసుకోండి. అమ్మవారి ముందు ఒట్టు పెట్టించే వాళ్లకూ ఇదే మాట. ఒట్టు మనసును ఆపుతుందేమో గానీ నరాలను ఆపదు.

మునుపు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా, కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, గుండె జబ్బు గానీ అదుపులో లేని షుగర్ గానీ ఉన్నా, గర్భిణి అయినా, ఇంట్లో చూసే మనిషి లేకపోయినా ఆసుపత్రిలో చేరే ఆపాలి. ఇవేవీ లేకపోతే డాక్టరు రాసిన మందులతో, రోజూ ఒకసారి చూపించుకుంటూ ఇంట్లోనే ఆపొచ్చు. ఆపే వైద్యానికి ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. క్లోర్‌డయజిపాక్సైడ్, డయజిపామ్ లాంటివి మొదటి రోజు ఎక్కువగా ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ ఆపేస్తారు. కాలేయం దెబ్బతిన్నవాళ్లకు లోరాజిపామ్ వాడతారు. ఇవే మాత్రలు దుకాణంలో చీటీ లేకుండా కొని, పక్కన మందు కూడా తాగితే ఊపిరి ఆగిపోవచ్చు. అది జరగకపోయినా, నెల తిరిగేసరికి మాత్రకు బానిస కావచ్చు.

ఇంకో పొరపాటు మన ఊళ్లలో బాగా అలవాటు. నీరసంగా ఉన్నాడని ఊరి ఆరెంపీ వచ్చి గ్లూకోజు సీసా ఎక్కించేస్తాడు. ఏళ్లుగా తాగేవాళ్ల ఒంట్లో థయమిన్, అంటే బీ1 విటమిన్, అడుగంటి ఉంటుంది. ఆ స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్త బీ1 కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినొచ్చు. నడక తూలడం, కళ్లు సరిగా తిరగకపోవడం, అయోమయం, ఆ తర్వాత కొత్త సంగతులేవీ గుర్తుండకపోవడం. తాగకపోయినా తాగినట్టే కనిపిస్తాడు కాబట్టి ఇంట్లోవాళ్లు పట్టించుకోరు. సీసా కట్టే ముందు "థయమిన్ ఇంజక్షన్ వేశారా?" అని అడగండి. ఆసుపత్రిలోనైనా అడగడానికి మొహమాటపడొద్దు.

ఫిట్స్, మతి తప్పడం, నెత్తురు వాంతి, నల్లటి విరేచనం, లేపినా లేవకపోవడం, వీటిలో ఏది కనిపించినా సెంటర్లు వెతక్కండి. 108కి ఫోన్ చేసి దగ్గరున్న పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

ఎక్కడికి

రాయగడ, పర్లాకిమిడి లాంటి జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వ ముఖ్య ఆసుపత్రులు ఉన్నాయి. అక్కడ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద నడిచే ఓపీ ఏ గదిలో, ఏ రోజుల్లో అని రిజిస్ట్రేషన్ కౌంటర్‌లోనే అడగండి. "మందు మాన్పించే డాక్టరు" అంటే జనరల్ ఓపీకి పంపుతారు, "సైకియాట్రీ" అనండి. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో రాసిన మందులు నిరామయ కౌంటర్‌లో ఉచితంగా ఇస్తారు. అక్కడ లేనివి మాత్రమే బయట కొనాలి.

జిల్లా ఆసుపత్రిలో కుదరని కేసులకు వైద్య కళాశాలలు ఉన్నాయి. కోరాపుట్, జయపురం, రాయగడ వాళ్లకు కోరాపుట్‌లోని శహీద్ లక్ష్మణ్ నాయక్ కళాశాల. గంజాం వైపు వాళ్లకు బరంపురం ఎంకేసీజీ. పర్లాకిమిడి వాళ్లు పాతపట్నం మీదుగా శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లడం తేలిక. పెద్ద చిక్కులున్నప్పుడు విశాఖ కేజీహెచ్, లేదా చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం. ఈ రెండో పేరు చెప్పగానే "పిచ్చాసుపత్రి" అని ముఖం తిప్పుకుంటారు. తాగుడు జబ్బుకు వైద్యం చేసేది ఆ విభాగమే. ఆ మొహమాటంతో కడుపు డాక్టరు చుట్టూ రెండేళ్లు తిరిగేవాళ్లు చాలామంది.

అవతలి రాష్ట్రం ఆసుపత్రిలో ఓపీ చూపించుకోవడానికి అభ్యంతరం ఉండదు, ఆధార్ పట్టుకెళ్తే చాలు. ఎన్టీఆర్ వైద్య సేవ మాత్రం ఆంధ్రా కార్డున్న వాళ్లకే. చుట్టాల కార్డు మీద చేరుద్దామనుకుంటే కౌంటర్ దగ్గరే ఆగిపోతారు. రాయగడ నుంచి విశాఖ రైల్లో పోయి రావాలంటే రోజు కూలి పోతుంది. అందుకే ఆపే వైద్యం దూరంలో చేయించుకున్నా, తర్వాత చూపించుకోవడమంతా జిల్లా ఆసుపత్రికి మార్పించుకోండి. డిశ్చార్జి చీటీ మీద మందుల పేర్లు, మోతాదు, ఎన్ని రోజులు అన్నది రాయించుకుంటే ఇక్కడి డాక్టరు అక్కడి నుంచి కొనసాగిస్తాడు.

బయలుదేరే ముందు ఫోన్ చేయాలనుకుంటే టెలిమానస్ 14416, రాత్రీ పగలూ పనిచేసే ఉచిత నంబరు, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. మత్తు అలవాట్లకే ఉన్న జాతీయ నంబరు 14446. దగ్గర్లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో నడిచే వ్యసన విముక్తి కేంద్రం ఎక్కడుందో వీళ్లే చెబుతారు, అక్కడ వైద్యం ఉచితం. ఫోన్ మీద ధైర్యం, దారి దొరుకుతాయి గానీ, వణుకు తగ్గించడానికి పైన చెప్పిన మాత్రలు దొరకవు. అవి మత్తు పదార్థాల చట్టం జాబితాలో ఉన్నాయి కాబట్టి, 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం వాటిని ఫోన్‌లోనో వీడియోలోనో రాయకూడదు.

మొదటి రోజు

ఓపీ చీటీ తీసుకునే వేళకే వెళ్లండి, పన్నెండు దాటాక వెళ్తే మర్నాడు రమ్మంటారు. పొద్దున కొంచెం తాగి వచ్చినా పర్లేదు. పూర్తిగా ఆపి, వణుకుతూ బస్సెక్కడం కంటే అదే నయం. ఎన్ని గంటలకు, ఎంత తాగారో మాత్రం దాచకండి. మొదటి మోతాదు దాని మీదే ఆధారపడుతుంది. ఖైనీ, గంజాయి, నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు ఏమున్నా అప్పుడే చెప్పేయాలి. వాడుతున్న బీపీ, షుగర్ మందుల స్ట్రిప్పులు సంచిలో వేసుకోండి.

పరీక్షల్లో కాలేయం కోసం ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, జీజీటీ, బిలిరుబిన్, వాటితోపాటు రక్తకణాల లెక్క, షుగర్ ఉంటాయి, ఒక్కోసారి కడుపు స్కానింగ్. ఎస్‌జీఓటీ అంకె ఎస్‌జీపీటీకి రెట్టింపు ఉంటే కాలేయం దెబ్బ తాగుడు వల్లేనన్న అనుమానం బలపడుతుంది.

పక్కన వెళ్లేవాళ్లు ఒక్కరే వెళ్లండి, రోజూ కళ్లారా చూసేవాళ్లు. నలుగురు బావమరుదులు చుట్టూ నిలబడితే ఆ మనిషి నోరు విప్పడు. డాక్టరును "ఐదు నిమిషాలు ఆయనతో విడిగా మాట్లాడండి, తర్వాత నాతో" అని అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట ఆ ఐదు నిమిషాల్లోనే బయటికి వస్తుంది. అలాంటి మాట ఎప్పుడన్నా వినపడితే అదే సాయంత్రం పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి, పశువుల పాకలోంచి కూడా తీసేయండి.

మాట్లాడే మనిషిని ఎంచుకోవడం

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మనోవైద్యం చదివిన డాక్టరు, మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటతో చేసే చికిత్స వాళ్ల పని. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వాళ్ల రిజిస్టరు నంబరు ఉండాలి, అడిగితే చెబుతారు, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. సైకియాట్రిక్ సోషల్ వర్కరు కుటుంబం, ఉద్యోగం, ప్రభుత్వ సాయం సంగతులు చూస్తారు. ఉత్త "కౌన్సెలర్" అన్న బోర్డు మాత్రం ఎవరైనా పెట్టుకోవచ్చు, ఏం చదివారో, తాగుడు కేసులు ఎన్నాళ్లుగా చూస్తున్నారో అడగండి.

భాష సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఆఫీసులో, బజారులో ఒడియా గలగలా మాట్లాడే మనిషి, తండ్రి మీద కోపం, పెళ్లాం ముందు సిగ్గు చెప్పాల్సి వచ్చేసరికి తెలుగులోకి వచ్చేస్తాడు. మందుల డాక్టరు ఒడియాలో మాట్లాడినా ఇబ్బంది లేదు. మాటల చికిత్స మాత్రం ఇంట్లో మాట్లాడే భాషలోనే దొరికేలా చూసుకోండి. దగ్గర్లో తెలుగు వచ్చినవాళ్లు లేకపోతే విశాఖ, శ్రీకాకుళంలో ఉన్నవాళ్లతో వారానికోసారి వీడియోలో ముప్పావుగంట మాట్లాడొచ్చు. ఇంట్లో అందరి మధ్య కూర్చుని మాట్లాడే చికిత్స చికిత్స కాదు. తలుపు వేసుకునే గది కావాలి.

మొదటి రెండు మూడు సార్లు కూర్చున్నప్పుడు మంచి థెరపిస్టు నీతులు చెప్పరు. మానితే ఏం వస్తుంది, మానకపోతే ఏం పోతుంది అన్నది ఆ మనిషి నోటితోనే చెప్పిస్తారు. తర్వాత ఎప్పుడు, ఎవరితో, ఏ దారిలో తాగాలనిపిస్తుందో పట్టిక వేయిస్తారు. జీతం రోజు, సంత రోజు, నైట్ షిఫ్టు దిగిన పొద్దు, మద్యం అమ్మే ఆఫ్ షాపు ముందు నుంచి ఇంటికి వచ్చే దారి. తాగాలన్న గుంజుడు వచ్చినప్పుడు అది అలలా లేచి, ముట్టకుండా ఆగితే చాలావరకు అరగంటలోపే దిగుతుంది. ఆ అరగంట ఏం చేయాలో ముందే రాసి జేబులో పెట్టుకోమంటారు. కడుపు నిండా తినడం కూడా అందులో ఒకటి, ఆకలి మీదే ఎక్కువమంది జారతారు. నాలుగైదు సార్లు వెళ్లినా తిట్లు, భక్తి ప్రసంగాలే వినిపిస్తుంటే మనిషిని మార్చండి.

ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు ఉచితం, తెలుగులో ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతాయి. కొందరికి బాగా పడతాయి, కొందరికి పడవు. మందులు ఆపేసి వాటికే వెళ్లాలని ఎవరైనా అంటే వినకండి.

మళ్లీ ముట్టకుండా ఉంచే మందులు

ఆపే వైద్యం అయ్యాక అసలు మందులు మొదలవుతాయి, చాలామంది డాక్టరును అడగనిది ఇదే. నాల్ట్రెక్సోన్, మామూలుగా రోజుకు 50 మిల్లీగ్రాములు, తాగితే వచ్చే మజాను తగ్గిస్తుంది. నల్లమందు జాతి నొప్పి మాత్రలు వాడేవాళ్లకు ఇవ్వకూడదు, వారం పది రోజుల ముందే అవి ఆపి ఉండాలి. కాలేయం పరీక్ష చూసి ఇస్తారు. అకాంప్రోసేట్ 333 మిల్లీగ్రాముల మాత్రలు రెండేసి చొప్పున మూడు పూటలు, గుంజుడు తగ్గడానికి. కాలేయం మీద భారం లేదు గానీ, మూత్రపిండాలు బాగుండాలి. రోజుకు ఆరు మాత్రలు కాబట్టి మధ్యాహ్నం పూట మర్చిపోయేవాళ్లు ఎక్కువ. కాలేయం బాగా చెడినవాళ్లకు బాక్లోఫెన్ ఆలోచిస్తారు.

డైసల్ఫిరామ్ వేరే సంగతి. ఇది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. చివరి గుక్క పడ్డాక కనీసం 12 గంటలు ఆగి మొదలుపెడతారు, ఆపేసిన తర్వాత కూడా రెండు వారాల దాకా ప్రభావం ఉండొచ్చు. దగ్గు సిరప్పులో ఉన్న ఆల్కహాల్ కూడా పడదు. మనిషి తెలిసి, ఒప్పుకుని, ఇంట్లోవాళ్ల ముందు రోజూ వేసుకుంటేనే ఇది పనికొస్తుంది. చారులో, కూరలో తెలియకుండా కలపడం హత్యాయత్నానికి తక్కువ కాదు. "తెలియకుండా మాన్పించే పొడి" అని సంతలో, ఆన్‌లైన్‌లో అమ్మేవాటిలో ఏముందో రాసి ఉండదు, కాబట్టి వాటికీ దూరంగా ఉండండి.

ప్రైవేటు సెంటర్‌లో పెట్టే ముందు

ఇంటికి జీపు పంపి, చేతులు కట్టి ఎక్కించుకుపోతామనే వాళ్లకు ఫోన్ పెట్టేయండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం తాగుడు వల్ల వచ్చే మానసిక స్థితులకూ వర్తిస్తుంది. ఆ చట్టం ప్రకారం గొలుసులతో కట్టడం నిషేధం, చేర్చుకునే సంస్థకు రిజిస్ట్రేషన్ ఉండాలి. తనంతట తాను చేరిన మనిషి వెళ్లిపోతానంటే వెళ్లనివ్వాలి. ఒప్పుకోకపోయినా చేర్చాల్సి వస్తే దానికి వేరే పద్ధతి ఉంది: ఆ మనిషి తరఫు ప్రతినిధి (నామినీ) దరఖాస్తు, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించడం, మొదటి గడువు 30 రోజులు. మూడు నెలల డబ్బు ముందే కట్టించుకుని తెల్లకాగితం మీద సంతకం అడిగే చోట ఈ పద్ధతి ఏదీ జరగదు.

స్వయంగా వెళ్లి చూడండి. రాత్రి నర్సు ఉన్నారా, సైకియాట్రిస్టు వారానికి ఎన్నిసార్లు వస్తారు, రాత్రి ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి పంపుతారు, మొదటి వారం నుంచే ఇంట్లోవాళ్లు కలవొచ్చా? మరుగుదొడ్లు, వంటగది చూపించమనండి. లోపలికి రానివ్వకపోతే అక్కడితో సరి.

మనిషి రానంటే

ఇంట్లోవాళ్లే ముందు వెళ్లొచ్చు, ఎలా మాట్లాడాలో కౌన్సెలర్ నేర్పుతారు. తాగి ఉన్నప్పుడు మాట్లాడకండి. మర్నాడు టీ తాగాక, ఒక్క సంఘటన పట్టుకుని చెప్పండి: "నిన్న చిన్నదాని ఫీజు డబ్బు పోయింది, నాకు భయమేసింది, గురువారం ఆసుపత్రికి వెళ్దాం." తేదీ, బండి, సెలవు అన్నీ సిద్ధం చేసుకుని అడిగితే "చూద్దాంలే" అనడానికి చోటుండదు. అప్పులు తీర్చడం, మేనేజరుకు జ్వరమని ఫోన్ చేయడం ఆపండి. తాగని సాయంత్రాన మాత్రం ఇష్టమైనది వండండి, పక్కన కూర్చోండి. చేయి చేసుకుంటుంటే నచ్చజెప్పే పని పక్కన పెట్టి పిల్లలతో బయటపడండి, 112 గానీ మహిళలకు 181 గానీ చేయండి.

జారినప్పుడు

మొదటి మూడు నెలల్లో ఒకసారైనా జారడం మామూలే. ఆ రాత్రే మందులన్నీ అవతల పారేసి "ఇంక లాభం లేదు" అనుకోవడం వల్ల ఒక్క పెగ్గు కాస్తా వారం రోజుల తాగుడవుతుంది. మర్నాడే డాక్టరుకు చెప్పండి. ఒక్క రోజే అయితే సాధారణంగా అవే మందులు సాగుతాయి. వరసగా నాలుగైదు రోజులు తాగితే ఆపే వైద్యం మళ్లీ అవసరం కావచ్చు. డైసల్ఫిరామ్ మీద ఉంటే తాగిన వెంటనే ఆసుపత్రికి. నెలల తరబడి మానిన ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి ఉండదు. మునుపటిలాగే హాఫ్ లాగిస్తే స్పృహ తప్పవచ్చు.

మజ్జిగౌరమ్మ చైత్ర జాతర, సంక్రాంతి కనుమ, ఆంధ్రాలో మేనల్లుడి పెళ్లి, వీటికి పది రోజుల ముందే మందులు తెచ్చుకోండి. పండగ సెలవుల్లో ఓపీలు మూతపడతాయి, నిరామయ కౌంటర్లో అయిపోయినవి అక్కడ దొరక్కపోవచ్చు. ప్రయాణంలో అసలు చీటీ పర్సులో, దాని ఫోటో ఫోన్‌లో. పెళ్లిలో ఏ పూటకి వెళ్లాలి, ఎన్నింటికి బయటపడాలి, తిరుగు బండి ఎవరిది అన్నది ఇంటి నుంచి కదిలే ముందే తేల్చుకోండి. ఎవరైనా గ్లాసు అందిస్తే "మందులు వాడుతున్నాను, పడదు" అంటే సరిపోతుంది, ఏ మందులని ఆ హడావుడిలో ఎవరూ అడగరు.